ఇల్లు కొన్నాక లాట్ ఇవ్వనంటున్నారా? ఏ కాగితం తక్కువైందో చూడండి

అమెరికాలో మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి పెట్టే ఇల్లు) పార్కుల్లో చాలావరకు ఇల్లు మనది, కింద స్థలం పార్కువాళ్లది. స్థలానికి నెలనెలా లాట్ రెంట్ కడతాం. అందుకే ఇంటి బేరం కుదిరినా, పార్క్ ఆఫీసు కాగితం మీద ఒప్పుకునేదాకా అమ్మేవాళ్లకు డబ్బంతా ఇచ్చేయకండి.

సమస్య: "ఇల్లు మీదేనని రుజువేది?" అంటున్నారు

కారణం: చేతిలో ఉన్నది బిల్ ఆఫ్ సేల్ ఒక్కటే. అది కొన్నట్టు చెబుతుంది గానీ, రికార్డుల్లో పేరు మార్చదు.

పరిష్కారం: టెక్సాస్‌లో అక్కడి గృహ శాఖ టీడీహెచ్‌సీఏ ఇచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్, కాలిఫోర్నియాలో అక్కడి గృహ శాఖ హెచ్‌సీడీ ఇచ్చే టైటిల్ (యాజమాన్య పత్రం) కావాలి. చాలా రాష్ట్రాల్లో కారుకిచ్చినట్టే మోటారు వాహనాల శాఖే టైటిల్ ఇస్తుంది. అందులో అప్పిచ్చిన బ్యాంకు పేరుంటే ఆ అప్పు తీరిపోయిందని చెప్పే లీన్ రిలీజ్ లెటర్ అడగండి. ఆస్తి పన్ను రసీదులూ అప్పుడే తీసుకోండి, డబ్బు చేతులు మారాక అవి రాబట్టడం చాలా కష్టం.

సమస్య: ఇల్లు ఎప్పటిదో చూపించమన్నారు

కారణం: ఇలాంటి ఇళ్ల తయారీకి హడ్ (అమెరికా కేంద్ర గృహ శాఖ) ప్రమాణాలు 1976 జూన్ 15న అమల్లోకి వచ్చాయి. అంతకుముందు తయారైన ఇంటిని బయటి నుంచి తెస్తానంటే చాలా పార్కులు ఒప్పుకోవు.

పరిష్కారం: ఆ ప్రమాణాల ప్రకారం తయారైన ఇంటి బయట గోడకు అరచేతిలో పట్టేంత ఎర్ర రేకు ఉంటుంది. డబుల్ వైడ్ (రెండు భాగాలు కలిపిన ఇల్లు) అయితే రెండు ఉండాలి. లోపల, తయారీ వివరాలుండే డేటా ప్లేట్ అనే కాగితం అతికించి ఉంటుంది. వంటింటి అల్మరా తలుపు వెనక, కరెంటు ప్యానెల్ దగ్గర, బెడ్‌రూమ్ క్లోజెట్‌లో ఫోన్ టార్చ్ వేసి వెతకండి. నూనె జిడ్డు పట్టి అక్షరాలు మసకబారి ఉంటే మెల్లగా తుడిచి, సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీయండి. బయటి గోడలకు కొత్త సైడింగ్ (పైపూత పలకలు) వేసినప్పుడు రేకు పోయిందా? టెన్షన్ పడకండి. హడ్ మళ్లీ రేకు ఇవ్వదు గానీ, ఈ రేకుల రికార్డులు చూసే ఐబీటీఎస్ సంస్థకు దరఖాస్తు చేస్తే, రేకుకు బదులుగా చూపించే వెరిఫికేషన్ లెటర్ తెప్పించుకోవచ్చు.

సమస్య: క్రెడిట్ హిస్టరీ లేదని కాదన్నారు

కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఇదే పెద్ద బెంగ. ఉద్యోగం ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పాత ఇంటి ఓనరు రాసిచ్చిన లెటర్ జోడించి మళ్లీ అడగండి. క్రెడిట్ రిపోర్టు చూసి కాదంటే ఆ సంగతి మీకు తెలియజేయాలి. అది అందిన 60 రోజుల్లోపు అడిగితే రిపోర్టు కాపీ ఉచితం. తప్పులుంటే దిద్దించుకోండి.

లీజుతో పాటు పార్క్ రూల్స్ కాపీ కూడా ముందే తీసుకోండి. కుక్కకు, రెండో కారుకు అనుమతి ఉందో లేదో అందులోనే తెలుస్తుంది.