మ్యూజియంకి వెళ్లే ముందురోజు ఫోన్‌తో ఈ పని చేయండి

పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్తుంటే ముందురోజే ఇంట్లో గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ యాప్ వేసుకోండి, ఉచితమే. దాని కెమెరా ఫీచర్లలో ఆర్ట్ ప్రొజెక్టర్ ఉంటుంది. ఫోన్‌ని నేల వైపు పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పితే మీరు ఎంచుకున్న పెయింటింగ్ అసలు సైజులో మీ హాల్లోనే నిలబడుతుంది, దగ్గరికెళ్తే కుంచె గీతలు కూడా కనిపిస్తాయి. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తే అని చెబితే పిల్లలకి ఎక్కదు గానీ సోఫా పక్కన చూస్తే "ఇంతేనా!" అంటారు.

ఇక్కడో చిక్కుంది. ఫోన్ నేల మీది మచ్చలూ అంచులూ చూసుకుంటూ దూరం లెక్క కడుతుంది, కాబట్టి మన ఇళ్లలో ఉండే తెల్లటి నున్నటి టైల్స్ మీద బొమ్మ జారిపోతూ ఉంటుంది. డిజైన్ ఉన్న చాపో దుప్పటో పరిచి, లైట్లన్నీ వేయండి. ఏఆర్‌కోర్ (కెమెరాలో కనిపించే గదిలో ఇలా బొమ్మల్ని నిలబెట్టే గూగుల్ సాఫ్ట్‌వేర్) లేని పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది పనిచేయదు.

మ్యూజియం లోపల మాత్రం గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా చాలు, ఇంగ్లిష్ లేబుల్ మీద పెడితే తెలుగులో చూపిస్తుంది, అమ్మమ్మలకి భలే ఉపయోగం. లోపల సిగ్నల్ అందకపోవచ్చు, తెలుగు ఫైల్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సాలార్‌జంగ్‌లో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా ఉన్న చెక్క విగ్రహం దగ్గర ఫోన్ జేబులో పెట్టేయొచ్చు, వెనకున్న అద్దమే రెండో మనిషిని చూపిస్తుంది.