ఉప్పునీటి అక్వేరియంతో ఊరు మారే ముందు

విశాఖ నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద 12 గంటలు అనుకోండి. ప్రయాణాన్ని చేపలు తట్టుకుంటాయి, వాటి వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియాను తట్టుకోలేవు. జాగ్రత్తలన్నీ దాని చుట్టూనే.

కొత్త ఇంట్లో నీళ్లు ముందురోజే సిద్ధంగా ఉండాలి. ఆర్వో-డీఐ నీళ్లలో (వడపోసి, లవణాలన్నీ తీసేసిన నీళ్లు) ఉప్పునీటి అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి 24 గంటలు పంపుతో తిప్పండి. సాంద్రత (నీటిలో ఉప్పు ఎంతుందో చూపే కొలత) 1.025, వేడి 25–26 డిగ్రీలు. బోరు నీళ్లు వద్దు.

- రాళ్లను పాత నీళ్లలో ముంచి మూత డ్రమ్ముల్లో, బ్యాటరీ గాలిపంపుతో తీసుకెళ్లండి. నీటిని శుభ్రపరిచే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఎండితే చచ్చి, అదే అమ్మోనియా అవుతుంది.
- ఇసుకలో నల్లటి పొర, కుళ్లిన గుడ్ల వాసన ఉంటే పారేయండి. కొత్త ఇసుక వేసుకోవడమే మేలు.
- తొట్టి పూర్తిగా ఖాళీ చేశాకే ఎత్తాలి. అడుగున నాలుగు అంగుళాల నీళ్లున్నా సిలికాన్ అతుకు వదిలే ప్రమాదం ఉంది.
- చేపలకు 24–48 గంటల ముందు మేత ఆపండి. సంచికి ఒక్క చేప, మూడోవంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. సంచులన్నీ థర్మాకోల్ పెట్టెలో.

చాలామంది తప్పు చేసేది చివర్లో. దూరప్రయాణం చేసిన సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, నీళ్లలోని అమ్మోనియా విషంగా మారుతుంది. అందుకే విప్పాక చుక్కచుక్కగా గంటలకొద్దీ అలవాటు చేయకండి. మూసిన సంచిని 20 నిమిషాలు తేలేసి, విప్పి, సాంద్రత సరిపోతే వలతో చేపను వెంటనే తొట్టిలోకి మార్చండి. సంచి నీళ్లు పారబోయండి.

తర్వాత పది రోజులు రోజూ అమ్మోనియా పరీక్ష, మేత సగమే.