గూడెంతో మాట కలపడం ఎలా: బొగ్గు, విద్యుత్ సంస్థల క్షేత్రాధికారులకు

భూపాలపల్లి, ములుగు, ఆసిఫాబాద్ వైపు గనికో విద్యుత్ కేంద్రానికో భూమి కావలసి వచ్చినప్పుడు సంస్థలు సాధారణంగా మొదట సర్వేయరును, ఆ తరువాత నోటీసును పంపి, గొడవ మొదలయ్యాక గాని మాట్లాడే మనిషిని పంపవు. ఈ వరుసను తిరగవేయాలి. చెలకలో కొలతలు పడ్డ రోజే అంతా నిర్ణయమైపోయిందని గూడెం అనుకుంటుంది. ఆ తరువాత జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇచ్చినా అది వట్టి తంతుగానే కనిపిస్తుంది.

వెళ్లే ముందు చట్టం చదువుకోవాలి. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో 1970 నాటి 1వ నిబంధన (1/70 చట్టం) గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా అడ్డుకుంటుంది. గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు అక్కడ గనుల లీజులు చెల్లవని సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. భూసేకరణకు ముందు సంప్రదింపు జరగాలని 1996 నాటి పెసా చట్టం (షెడ్యూలు ప్రాంతాల పంచాయతీ చట్టం), గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం అంటాయి. అయితే 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద సేకరిస్తే 2013 చట్టంలోని సమ్మతి నిబంధన వర్తించదు. ఈ వెసులుబాటును వాడుకున్న సంస్థకు భూమి దక్కవచ్చు గాని, పాతికేళ్లు పక్కనే బతకవలసిన ఊరు దూరమవుతుంది. కనుక చట్టం అడగకపోయినా గ్రామసభ ముందు నిలబడడమే నయం. పోడు భూములపై 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తులు తేలకుండా ఎవరినీ కదిలించరాదు.

సర్పంచితో మాట్లాడినంత మాత్రాన గూడెంతో మాట్లాడినట్టు కాదు. గోండు గూడెంలో పెద్ద అయిన పటేలును, పూజారి అయిన దేవారిని కలవాలి. పలు గూడేలకు సంబంధించిన విషయాన్ని గోండుల సంప్రదాయ పంచాయతీ అయిన రాయ్ సెంటర్ పెద్దల ముందు ఉంచాలి. గోండిలోనో కోలామీలోనో చెప్పగల మనిషిని తీసుకువెళ్లాలి, కానీ అతడు కాంట్రాక్టరు మనిషి కాకూడదు. ఇప్ప పువ్వు రాలే వేళ, తునికాకు కోతల్లో, దీపావళికి గోండులు ఆడే దండారి నృత్యాల రోజుల్లో, నాగోబా, మేడారం జాతరలప్పుడు సభ పెడితే ఎవరూ రారు, వచ్చినవారు మనసు పెట్టరు. మ్యాపులో ఖాళీగా కనిపించే చెట్టు కింద దేవత ఉండవచ్చు, అందుకే హద్దుల వెంట పెద్దలతో కలిసి నడవాలి.

నేను పనిచేసిన ఒకచోట పరిహారపు పట్టికలో టేకుకు, మామిడికి గడులు ఉన్నాయి గాని ఇప్పచెట్టుకు లేదు. ఒక పెద్దమ్మ తమ ఇంటివారు ఏరుకునే చెట్టు దగ్గరికి నన్ను తీసుకువెళ్లి, “మా అత్త ఏరింది, నేను ఏరుతున్న, మరి దీనికేం రాస్తరు సారూ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పట్టికను అచ్చుకు పంపే ముందే ఆ ఊరి ఆడవాళ్లకు చదివి వినిపించి ఉంటే ఆ గడి చేరేది.

ఓపెన్‌కాస్టు (ఉపరితల) గనిలో మొదటి బ్లాస్టింగుకు ముందే ప్రతి ఇంటి గోడలను, బావిలో నీటి మట్టాన్ని ఇంటివారి ఎదుటే ఫొటో తీసి, తేదీ వేసి, ఒక ప్రతి వారికే ఇవ్వాలి. తరువాత పగులు కనిపిస్తే అది పాతదా కొత్తదా అన్న వాదన ఉండదు. ఫిర్యాదు అందగానే నంబరు వేసిన రసీదు ఇచ్చి, జవాబుకు గడువు చెప్పాలి. పని కాకపోతే ఎందుకు కాలేదో ఆ గడువులోనే వెళ్లి చెప్పాలి.

జిల్లా ఖనిజ నిధితో వేసిన రోడ్డుకు సంస్థ బోర్డు తగిలించవద్దు. గని రాయల్టీతో పాటు చట్టం కట్టమన్న సొమ్ము అది, దానం కాదు. ఉద్యోగాల విషయంలో “స్థానికులకు ప్రాధాన్యం” అన్న మాట రాయకుండా, ఏ పనికి ఎందరిని, ఎంత చదువుతో, ఎప్పటిలోగా తీసుకుంటారో రాయాలి.

బదిలీ వచ్చినప్పుడు కొత్త అధికారిని వెంటబెట్టుకొని గూడెం వెళ్లి, ఫిర్యాదుల రిజిస్టరులో మిగిలినవాటిని అందరి ముందు చదివి, అక్కడే అప్పగించాలి.