ముందు లెటర్, తర్వాతే ప్రయాణం

2025 జనవరి 1న ఇంటి నుంచి వెళ్లిన ముకేశ్ చంద్రాకర్ తిరిగి రాలేదు. రెండు రోజుల తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, కొత్తగా సిమెంటు పోసిన సెప్టిక్ ట్యాంకులో ఆయన మృతదేహం దొరికింది. రోడ్డు పనుల అవినీతిని బయటపెట్టిన ఫ్రీలాన్స్ విలేకరి, అంటే ఏ సంస్థకూ ఉద్యోగి కాని విలేకరి ఆయన. మన ములుగు జిల్లా దాటితే బీజాపూరే. ప్రధాన నిందితుడు పట్టుబడింది హైదరాబాద్‌లో.

ఆయన ఫోను చివరిసారి ఎక్కడుందో వెతికి పట్టుకున్నది సొంత సోదరుడు. ఉద్యోగం ఉన్న విలేకరి రాత్రి ఎనిమిదికి వార్త పంపకపోతే డెస్కు నుంచి ఫోను వస్తుంది. ఫ్రీలాన్సరు పంపకపోతే, ఆ స్థలంలో ఇంకో వార్త పెడతారు.

ఎన్నికల కాలం వస్తోంది. నీళ్ల సీసా, హెల్మెట్, పవర్ బ్యాంకు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఫ్రీలాన్సర్ల శిక్షణ తరగతుల్లో నేను గొంతు చించుకునేది ఒక్కదాని గురించే: నోటి మాట మీద వెళ్లకండి, పని అప్పగించినట్టు రాసిన అసైన్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే బయలుదేరండి.

నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు ఇసుక ట్రాక్టర్ల మీద వార్త రాశాడు. "వెళ్లు తమ్ముడూ, మనం చూసుకుందాం" అన్నారట ఎడిటర్‌గారు ఫోనులో. వార్త అచ్చయిన మూడో వారం రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు వచ్చింది. పత్రిక ఇచ్చిన సమాధానం లెటర్‌హెడ్ మీద రెండే లైన్లు: ఈ వ్యక్తి మా ఉద్యోగి కాడు, ఆయన చర్యలతో మాకు సంబంధం లేదు. ఆ కాగితం మడతపెట్టి జేబులో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. కాల్ రికార్డులో ఎడిటర్‌తో నాలుగు నిమిషాలు మాట్లాడినట్టుంది. ఏం మాట్లాడారో ఎవరు చెప్పాలి?

అసైన్‌మెంట్ లెటర్ అంటే పెద్ద ఒప్పందమేమీ కాదు. సంస్థ అధికారిక ఈమెయిల్ నుంచి నాలుగు ముక్కలు చాలు: మీ పేరు, ఏ వార్త, ఏ ప్రాంతం, ఏ తేదీల్లో. కింద ఎడిటర్ పేరు, రాత్రి కూడా ఎత్తే ఫోను నంబరు. ఎన్నికల పాసుకు డీపీఆర్‌వో (జిల్లా పౌర సంబంధాల అధికారి) ఆఫీసులో అడిగేది అదే, చెక్‌పోస్టులో అడిగేదీ అదే. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు కనబడకపోతే అడగాల్సిన మనిషి ఒకరున్నారని అది చెబుతుంది.

విదేశీ పత్రికలు ఒప్పందం పంపుతాయి, అది వేరే తలనొప్పి. కేసు వస్తే ఖర్చు, నష్టపరిహారం మీరే భరించాలన్న షరతు అందులో ఎక్కడో ఉంటుంది. ఆ షరతు కొట్టేయించండి. కుదరదంటే ఆ వార్త వదులుకోండి. భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద పరువునష్టం నేరమే, రెండేళ్ల వరకు జైలు. వాయిదాలకు తిరగాల్సింది మీరు, లండన్‌లోని ఎడిటర్ కాదు.

ఫోను విషయం. 2023 అక్టోబరు 3న ఢిల్లీలో పోలీసులు ఒకేరోజు పదుల సంఖ్యలో విలేకరుల ఇళ్లు సోదా చేసి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పట్టుకెళ్లారు. వారిలో ఫ్రీలాన్సర్లూ ఉన్నారు. ఏళ్ల పని ఒక్క పెట్టెలో పెట్టుకుంటే మిగిలేది ఏమీ ఉండదు. రెండో కాపీ వేరే ఇంట్లో ఉంచండి. తీసుకెళ్తే స్వాధీన పంచనామా (ఏమేం తీసుకెళ్లారో సాక్షుల ముందు రాసిన కాగితం) కాపీ, హ్యాష్ విలువ (ఫైళ్లు తర్వాత మారాయో లేదో తేల్చే సంకేతం) రాతపూర్వకంగా అడగండి.

ఇక మిగతావి:

వేలిముద్రతో తెరుచుకునే ఫోను వద్దు, అంకెల తాళం పెట్టండి.

మీరు ఎవరి మీద రాశారో వాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లకండి. మధ్యలో బంధువు ఉన్నా సరే.

ఓటు వేసే అరలో కెమెరా పెట్టకండి.

ఎగ్జిట్ పోల్ అంకెలు ఎన్నికల సంఘం పెట్టిన గడువుకు ముందు వాట్సాప్ స్టేటస్‌లో కూడా వద్దు.

అత్యాచార బాధితురాలి పేరే కాదు, ఊరు, బడి, తండ్రి వృత్తి కూడా రాయకండి. చిన్న ఊళ్లో అవి చాలు.

అభ్యర్థి కారెక్కకండి. ఆయన ఇచ్చే కవరు ముట్టుకోకండి.

లాయర్ నంబరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి.

రాత్రి ఎన్నింటికి ఫోను చేస్తారో ఇంట్లో చెప్పండి, చేయకపోతే ఎవరిని అడగాలో కూడా చెప్పండి.

నోటి మాట మీద వెళ్లకండి.

"సాయంత్రం మెయిల్ పెడతాను, మీరు బయలుదేరండి" అన్నారా? సాయంత్రం దాకా ఇంట్లోనే ఉండండి.