కోరింగ మడ అడవికి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఏటా డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లల్ని కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి తీసుకెళ్తాను. మడ చెట్ల ఊపిరి వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అది పుస్తకంలో బొమ్మ చూపిస్తే ఎక్కదు. అందుకే ఎంత టెన్షన్ అయినా ఈ ట్రిప్ మానను.

ముందు వారం నేనొక్కదాన్నే వెళ్లి దారంతా నడిచి వస్తాను. చెక్కల బాటలో పలక ఎక్కడ ఊగుతోంది, టాయిలెట్లో నీళ్లొస్తున్నాయా, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతోంది, అన్నీ రాసుకుంటాను. పోటు ఎప్పుడొస్తుందో పడవ నడిపేవాళ్లనే అడగండి. అది రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది కాబట్టి మీరు చూసొచ్చిన రోజు టైము కాదు, పిల్లలతో వెళ్లే రోజుది కావాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా పెరుగుతుంది. నేను క్యాలెండర్ చూసి ఆ రోజులు తప్పిస్తాను.

ఇక లెక్క. నాలుగేళ్ల కిందట తిరిగి బస్సెక్కాక 42 మంది రావాలి, 42 వచ్చింది. బయల్దేరమన్నాను. వెనక సీట్లోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, నా పక్కన కూర్చునేవాడు లేడు" అంది. చూస్తే నేను బస్సు క్లీనర్ అబ్బాయిని కూడా కలిపి లెక్కపెట్టాను. పరుగున వెళ్లాను. వాడు చెక్కల బాట మీద బోర్లా పడుకుని, ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న పీత బురదలో ఆ డెక్క ఊపుతుంటే చూస్తున్నాడు. సగం ఒళ్లు రెయిలింగ్ కింద నుంచి బయటికి ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

అప్పటినుంచి అంకెను నమ్మను. పిల్లల్ని జంటలు చేస్తాను. పేరు పిలిస్తే తన గురించి కాదు, తన జంట ఉన్నారో లేదో చెప్పాలి. బస్సు దిగాక, బాట ఎక్కేముందు, పడవకు ముందూ తర్వాతా, భోజనమయ్యాక, మళ్లీ బస్సులో. వరుస చివర ఎప్పుడూ ఒక టీచరు నడవాలి, ఆవిడ వెనక ఒక్క పిల్ల కూడా ఉండకూడదు.

పడవెక్కే ముందు ప్రతి లైఫ్ జాకెట్‌నూ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి వస్తే అది ఆ పిల్లకు పెద్దది, మార్చాల్సిందే.

ఆస్తమా, మూర్ఛ, అలర్జీ ఎవరికున్నాయో ఇంట్లోవాళ్లతో ముందే రాయించుకోండి. ఇన్‌హేలర్ పిల్లవాడి జేబులోనే ఉండాలి, బస్సులోని బ్యాగులో కాదు. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. ఓఆర్‌ఎస్, మంచినీళ్లు, అమ్మాయిలకు ప్యాడ్లు నా బ్యాగులో ఉంటాయి.

సాయంత్రం బస్సు బడికి చేరాక కూడా జాబితా మడవను. ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లిన పిల్ల పేరు పక్కనే టిక్కు పెడతాను.