బేలర్ తాడు కొనేటప్పుడు చూడాల్సింది ముడి బలం

బేలర్‌కు, అంటే గడ్డిని కట్టలు కట్టే యంత్రానికి తాడు కొనేటప్పుడు ఉండలోంచి మూరెడు తాడు తీసి, రెండు చేతులా లాగి, "గట్టిగానే ఉంది" అని కొనేస్తుంటారు. ఆ పరీక్షలో తేలేది తక్కువ. గడ్డి కట్ట విడిపోయేది ఎక్కువగా ముడి దగ్గరే. మెలిక పడిన చోట ఏ తాడైనా తన బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోగొట్టుకుంటుంది. కాబట్టి లేబుల్ మీద లాగుడు బలం, ముడి బలం రెండూ ఉంటే రెండో దాన్నే లెక్కలోకి తీసుకోండి. ఒకటే అంకె వేసి, అది దేనిదో చెప్పకపోతే లాగుడు బలమే అనుకోవడం మంచిది.

తాడు రెండు రకాలు. కిత్తనారతో చేసే సిసల్ తాడు గరుకుగా ఉంటుంది, ముడి జారదు, మట్టిలో కలిసిపోతుంది. కానీ తడికి కుళ్లుతుంది, ఎలుకలు కొరుకుతాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసే తాడు (పాలీ తాడు) కుళ్లదు, అదే బరువుకు ఎక్కువ పొడవు వస్తుంది. దాని శత్రువు ఎండ. యూవీ నిరోధకం కలిపామని ప్యాకెట్ మీద లేకపోతే, కట్టలు ఆరుబయట ఉండేవాళ్లు దాన్ని కొనకపోవడమే మేలు. పాత ఉండ అయితే పైపొరను బొటనవేలితో గట్టిగా రుద్దండి. పొడిలా, పొలుసుల్లా రాలితే ఎండ తిన్న సరుకే.

మందం ఎంతో చెప్పేది కిలోకు ఎన్ని మీటర్లు అన్న అంకె. అది పెరిగేకొద్దీ తాడు సన్నం. రెండు తాళ్లతో కట్టే చిన్న చదరపు కట్టలకు పాలీ తాడైతే కిలోకు సుమారు 400 మీటర్లది సరిపోతుంది. పెద్ద చదరపు కట్టలకు కిలోకు 110 నుంచి 150 మీటర్ల లావు తాడు కావాలి. గుండ్రటి బేలర్ తాడును చుట్టి కోస్తుందే తప్ప ముడి వేయదు, అందువల్ల అక్కడ సన్నం తాడైనా నడుస్తుంది. ఏదైనా మీ బేలర్ మాన్యువల్‌లో చెప్పిన హద్దులు దాటకండి. తాడు మరీ లావైతే బిల్‌హుక్ (ముడి వేసే కొక్కెం) నోట పట్టదు, మరీ సన్నమైతే పట్టులోంచి జారిపోతుంది.

లేబుల్ నిజం చెబుతోందా అన్నది తూకంతో తేలుతుంది. ఒక ఉండ కొని, మొదట్లో, మధ్యలో, చివర్లో పది మీటర్ల చొప్పున కొలిచి తూయండి. కిలోకు 400 మీటర్ల తాడైతే ప్రతి ముక్కా 25 గ్రాముల దగ్గర ఉండాలి. మూడూ 30 గ్రాములు తూగితే ఐదు కిలోల ఉండలో 2000 మీటర్లకు బదులు 1,670 మీటర్లే వచ్చినట్టు. అంతకంటే చెడ్డది, ఒకటి 20, ఇంకొకటి 30 తూగడం. సన్నబడిన చోటు ముడిలోకి వచ్చిన ప్రతిసారీ ఒక కట్ట విడిపోవచ్చు. సగటు బలం ఎంత గొప్పగా ఉన్నా దీన్ని సరిచేయలేదు.

ఎంత కొనాలో లెక్క సులువే. 90 సెంటీమీటర్ల పొడవు, 36 ఎత్తు ఉన్న కట్టకు ఒక చుట్టు రెండున్నర మీటర్లు, ముడితో కలిపి 2.6. రెండు తాళ్లకు 5.2 మీటర్లు. అంటే 2000 మీటర్ల ఉండ దాదాపు 380 కట్టలకు వస్తుంది.

ముడులు తప్పుతుంటే తాడును తిట్టే ముందు రెండు పక్కల ఉండలనూ అటుదిటు మార్చండి. లోపం ఉండతో పాటు పక్క మారితే తాడుదే తప్పు. ఉన్నచోటే ఉంటే నాటర్‌ను (బేలర్‌లో ముడి వేసే భాగాన్ని) చూడాలి: మొద్దుబారిన కత్తి, అరిగిన బిల్‌హుక్, తాడు పట్టు బిగింపు. సిసల్ నుంచి పాలీకి మారినప్పుడు ఈ బిగింపును మళ్లీ సరిచేయకపోతే కొత్త తాడు ఎంత మంచిదైనా ముడి నిలవదు, ఎందుకంటే పాలీ నున్నగా జారుతుంది.

ఉండలను కలిపేటప్పుడు మొదటి దాని బయటి కొసను రెండో దాని లోపలి కొసకు కట్టాలి. సిసల్‌కు మామూలు చదును ముడి చాలు. పాలీకి అది జారుతుంది. ఒక కొసను మడిచి, రెండో కొసను ఆ మడతలోంచి పైకి తీసి, మడత వెనకగా చుట్టి, తన కిందనుంచే దూర్చి బిగించండి. నేతలో తెగిన పోగులు అతికేది కూడా ఈ ముడితోనే. మిగిలిన తోకలను రెండు సెంటీమీటర్లకు కత్తిరించండి, పొడవుగా వదిలితే నాటర్‌లో చిక్కుకుంటాయి. ఉండ మీది ప్లాస్టిక్ తొడుగు తీయకండి, చివర్లో తాడు కూలి చిక్కుపడకుండా ఆపేది అదే.

మేత వేసేటప్పుడు పాలీ తాడును కోసి వదిలేయకుండా మొత్తం లాగి, లెక్కపెట్టి పక్కన పెట్టండి. పశువు మింగితే కడుపులో అరగక ఉండకట్టి దారి మూసేస్తుంది.