కొత్తగా వచ్చినోళ్ళకి: ఆఫీస్ లంచ్ తక్కువలో, కానీ కడుపు నిండా

కొత్త దేశంలో మొదటి జీతం పడేదాకా ఉండే టెన్షన్ వచ్చినోళ్ళందరికీ తెలిసిందే, అద్దె, డిపాజిట్, దుప్పట్లు, గిన్నెలు అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఇంక ఎక్కడ తగ్గిద్దామా అని చూస్తే కనిపించేది తిండి ఒక్కటే. బయట శాండ్‌విచ్ రేటు చూడటం, మనసులో ఇంటి డబ్బుల్లోకి లెక్కేసుకోవడం, అమ్మో అనుకుని లంచ్ మానేసి కాఫీతో సరిపెట్టుకోవడం. నేనూ మొదటి రెండు నెలలు ఇదే చేశా. మిగిలిందేమీ లేదు, నాలుగింటికల్లా నీరసమొచ్చి మెషీన్‌లోంచి చిప్సో చాక్లెట్టో కొనుక్కునేవాణ్ణి, నెలాఖరుకి చూస్తే వాటికైన డబ్బులతో రోజూ శుభ్రంగా వండుకుని తినొచ్చు. కాబట్టి లంచ్ ఎంతలో అయిందని మాత్రమే చూస్కోకండి, సాయంత్రం ఇల్లు చేరేదాకా ఆగిందా లేదా చూస్కోండి.

ఏది ఎంతసేపు ఆగుతుందనే దాని మీద 1995లో సిడ్నీ యూనివర్సిటీ వాళ్ళు ఒక స్టడీ చేశారు, 38 రకాల తిండి, అన్నీ సమానమైన కేలరీలతో పెట్టి రెండు గంటలపాటు కడుపు ఎంత నిండుగా ఉందని అడుగుతూ పోయారు. వైట్ బ్రెడ్‌ని 100 అనుకుంటే ఉడకబెట్టిన బంగాళాదుంపకి 323 వచ్చింది, వెన్నతో చేసే క్రోసాన్‌కి 47. అంటే బేకరీలో చూడగానే నోరూరేది అన్నిటికన్నా తక్కువ ఆగింది, దాదాపు ఎక్కడైనా చవగ్గా దొరికే దుంప అన్నిటికన్నా ఎక్కువ ఆగింది! దుంపలు, పప్పులు, శనగలు, గుడ్లు, ఓట్స్, వీటి చుట్టూ తిరిగితే చాలు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, 100 గ్రాముల ఎండు పప్పులో 20 దాటే ఉంటుంది, మాంసంతో పోలిస్తే పప్పు ఖర్చు చాలా తక్కువ. ఉత్తి నూడుల్స్, ఉత్తి బ్రెడ్ మాత్రం నమ్ముకోకండి, కనీసం ఒక గుడ్డో గుప్పెడు శనగలో పడాలి అందులో.

రాజ్మా కొంటే ఒక్క జాగ్రత్త. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగించి తర్వాత మెత్తగా ఉడికించాలి. స్లో కుక్కర్లో నేరుగా పడేస్తే అంత వేడి రాదు, వాంతులు పట్టుకోవచ్చు. డబ్బాలో వచ్చేవి ముందే ఉడికినవే, వాటితో ఈ గొడవ లేదు.

పొద్దున్నే లేచి లంచ్ వండుతానని మాత్రం అనుకోకండి, మూడో రోజుకే వదిలేస్తారు. రాత్రి వండేటప్పుడే రెండింతలు వండి, మనం కంచంలో పెట్టుకోకముందే రేపటి బాక్స్ సర్దేయాలి, తిన్నాక సర్దుదాంలే అంటే ఏమీ మిగలదు. ఆదివారం ఒక పెద్ద గిన్నెడు పప్పో శనగల కూరో చేసి మూడు బాక్సులు ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్లో పెట్టుకుంటే వారం గడిచిపోద్ది.

అన్నం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు) వండినా చావవు, అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్ళీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రంతా పొయ్యి మీద వదిలేసిన అన్నాన్ని పొద్దున బాగా వేయించుకుని తీసుకెళ్ళి మధ్యాహ్నం నుంచి నేను బాత్రూమ్‌కే అంకితమయ్యా, కొత్త ఉద్యోగంలో రెండో వారం, మేనేజర్‌కి ఏం చెప్పాలో కూడా తెలీలేదు. వెడల్పు పళ్ళెంలో పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడే తినేయండి, ఒక్కసారే, పొగలొచ్చేదాకా వేడి చేయండి.

ఆఫీస్‌కి చేరగానే బాక్స్‌ని ఫ్రిజ్‌లో పెట్టి పేరు రాయండి, లేకపోతే శుక్రవారం క్లీనింగ్‌లో పోద్ది. ఫ్రిజ్ లేని చోట, సైట్లలో, గోడౌన్లలో పనిచేసేవాళ్ళకి మంచి ఫ్లాస్క్ ఒకటి కొనుక్కోవడం దండగ కాదు. ముందు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు బాగా వేడిగా ఉన్న కూరో సూపో అంచుదాకా నింపాలి, సగం నింపితే తొందరగా చల్లారిపోద్ది. 60 డిగ్రీలు దాటి ఉన్నంతసేపే అది వేడి తిండి కింద లెక్క.

షాపింగ్‌లో పెద్దగా రహస్యాలేం లేవు. రేటు కింద చిన్న అక్షరాల్లో కిలోకి ఎంతో రాసుంటే అది చూడండి, పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు. ఫ్రోజెన్ కూరగాయలు తక్కువరకం అనుకోకండి, తొందరగా పాడవ్వవు, తరిగే పని లేదు. ప్యాకెట్ మీద తేదీల్లో బెస్ట్ బిఫోర్ అంటే మామూలుగా రుచి గురించి, యూజ్ బై అని ఉంటే మాత్రం అది దాటాక తినొద్దు.

ఇంకోటి, టీమ్ అంతా బయటికెళ్తుంటే రోజూ తప్పించుకోకండి, వారానికో పదిరోజులకో ఒకసారి దానికి డబ్బులు పక్కన పెట్టుకోండి, మిగతా రోజులు బాక్స్ తెచ్చుకున్నానని మామూలుగా చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. మైక్రోవేవ్‌లో పెట్టేటప్పుడు మూత వదులుగా వేయండి, చిట్లితే తుడవండి. వేరుశనగలు లాంటివి పంచిపెట్టే ముందు ఎవరికైనా ఎలర్జీ ఉందేమో అడగాలి, కొందరికి అది ప్రాణం మీదకొచ్చే విషయం.

డ్రాయర్లో ఒక ఓట్స్ ప్యాకెట్, ఒక స్పూన్, ఒక గిన్నె పెట్టుకోండి, బాక్స్ ఇంట్లో మర్చిపోయిన రోజు కెటిల్‌లో కాచిన వేడినీళ్ళు అందులో పోసుకుంటే గట్టెక్కుతారు. నేనైతే నెలకి కనీసం రెండుసార్లు మర్చిపోతా.